రెండుగా కోసిన జంపఖానా

సంచిలో ముందుగా రెండు బనియన్లు పెట్టాను. వాటి మీద, నాడా తీసేసి ఎలాస్టిక్ వేసిన పైజామా. పెట్టాక అనుమానమొచ్చి మళ్ళీ బయటికి తీశాను. నడుము పట్టీలో వేలు పెట్టి ఈ చివరనుంచి ఆ చివరదాకా తడిమాను. నాడా ముక్క ఎక్కడా లేదు.

"అమ్మా, అది మూడోసారి చూస్తాన్నవ్," అంది శిరీష, కుట్టుమిషన్ మీదనుంచి తల ఎత్తకుండానే.

"చూస్తే ఏం పోతది? గేటు కాడ గింత నాడా దొరికిందనుకో, సంచి సంచే ఎనుకకిస్తరు."

"నీ జైలు కూలగొట్టి నాలుగేండ్లాయె. దాని రూల్సు మాత్రం నువ్వింకా నడిపిస్తనే ఉన్నవ్."

అని చిన్నగా నవ్వింది. ఎనిమిది నెలల్లో నా కూతురు నవ్వడం అది నాలుగోసారి. అటువంటివి నేను గుర్తు పెట్టుకుంటాను.

అది ఏప్రిల్ పదకొండు, శుక్రవారం మధ్యాహ్నం. మరునాడు పొద్దుటి రైలుకు శిరీష హైదరాబాదు అవతల ఉన్న జైలుకు ములాఖత్‌కు వెళ్ళాలి. ఆ జైల్లో ఉన్నది ఎవరో ఈ కథను మొదటినుంచీ చదువుతున్నవారికి తెలుసు. నడుమ వచ్చి కూర్చున్నవారి కోసం నాలుగు మాటలు చెబుతాను. ఉన్నది శిరీష ఒక్కగానొక్క కొడుకు, నా మనవడు అభిషేక్. ఇరవై ఒక్క ఏళ్ళవాడు. డోర్నకల్‌లో రైల్వే పని చేసే అల్లుడు జ్వరంతో పోయినప్పుడు మూడేళ్ళ పిల్లాడు. శిరీష వాణ్ణి చంకనేసుకొని నా దగ్గరికి వచ్చింది. అప్పటినుంచీ వరంగల్‌లో, పాత జైలు గోడకు ఇవతలి సందులో, మా రెండు గదుల ఇంట్లోనే పెరిగాడు.

ముందటి ఆగస్టులో వాణ్ణీ వాడి నలుగురు స్నేహితులనూ పోలీసులు పట్టుకెళ్ళారు. స్టేషన్ రోడ్డులో బండి మీద వచ్చి సెల్‌ఫోన్లు లాక్కుపోయిన కేసు. లాక్కున్నవాడు మా పక్క సందులో ఉండే మొగిలమ్మ కొడుకు మహిపాల్. వాడి మీద అంతకుముందే రెండు కేసులున్నాయి. బండి నడిపినవాడు ఇంకొకడు. ఆ దొంగతనాలు జరిగిన రెండు రోజులూ నేను జ్వరంతో పడుంటే అభిషేక్ నా మంచం పక్కనే ఉన్నాడు. అయినా ఐదుగురూ కలిసి ఒక ముఠా అని రాశారు. కొత్త చట్టంలో ఆ మాట పడితే తక్కువలో తక్కువ ఐదేళ్ళు, పైన జీవితాంతం. బెయిలు మూడుసార్లు అడిగాం, మూడుసార్లూ కొట్టేశారు. వకీలు పద్మలత ఎంతో తిరిగి ఒక అనుమతి కాగితం తెచ్చింది. శిక్ష పడని ఖైదీ కాబట్టి ఇంటినుంచి ఒక పక్కబట్ట పంపుకోవచ్చట. పోయిన వారం అక్కడే ఆపాను.

పక్కబట్ట ఎందుకంటే, అంతకుముందు ములాఖత్‌లో అభిషేక్ తల్లికి తన పడక చూపించాడు. అద్దానికి అవతల కూర్చుని, ఫోను చెవికి పెట్టుకొని, రెండో చేయి అద్దం మీద పరిచి కొలిచాడట. ఒక జాన, రెండు జానలు, మూడు. అంతే. యాభై మంది పట్టే బారక్‌లో నూట ఇరవై మంది.

"ఒకడు పక్కకు తిరిగిండనుకో మమ్మీ, లైను మొత్తం తిరుగుడే," అన్నాడట. "మొదట్ల మేం నవ్వుకునేటోళ్ళం. ఇప్పుడెవ్వడు నవ్వుతలేడు. దినాం వచ్చేటోళ్ళే గని, పోయేటోళ్ళు లేరు."

ఆ చివరి మాట నా గుండెలో ముల్లులా ఉండిపోయింది. ఎందుకంటే నేను చూసిన జైలు అటువంటిది కాదు.

మా ఆయన ఆనందరావు ఈ వరంగల్ జైల్లో ముప్పై ఏళ్ళు నేత మాస్టారు. ఖైదీలకు మగ్గం నేర్పి జంపఖానాలు నేయించేవాడు. మా కాపురం క్వార్టర్లలో. గోడకు అవతల మగ్గాల చప్పుడు, ఇవతల నా పొయ్యి. శిరీష అంకెలు నేర్చుకున్నది బళ్ళో కాదు, గంట గంటకూ జైల్లో కొట్టే గంట విని. సాయంత్రం లాకప్ అయ్యాక ఆయన ఒంటినిండా నూలు పీచుతో ఇంటికొచ్చేవాడు. కాళ్ళు కడుక్కుంటూ ఆ రోజు సంగతి చెప్పేవాడు.

"ఇయ్యాల ఆరుగురొచ్చిన్రు. ఎనిమిది మంది పోయిన్రు."

నాకు అది ఇంటికి చుట్టాలు వచ్చి వెళ్ళినంత మామూలుగా వినబడేది. చిల్లర దొంగతనానికి నాలుగు నెలలు, ఆరు నెలలు. మరీ అయితే ఏడాది. ఒకడు మగ్గం మీద పేక నింపడం నేర్చుకునేసరికి వాడి గడువు తీరిపోయేది. "చెయ్యి తిరిగినోడు ఒక్కడు మిగులడు," అని ఆయన విసుక్కునేవాడు. ఇప్పుడు తలుచుకుంటే అంత మంచి విసుగు ఇంకెక్కడా వినలేదనిపిస్తుంది.

విడుదలైనవాళ్ళు కొందరు బస్సెక్కే ముందు మా గుమ్మం ముందు ఆగేవారు. ఇంత అన్నం, మామిడికాయ తొక్కు పెట్టేదాన్ని. నెక్కొండ దిక్కు సారయ్య అని ఒకడుండేవాడు. సైకిళ్ళు ఎత్తుకుపోవడం వాడి పని. రెండేళ్ళకోసారి నాలుగు నెలలకు వచ్చేవాడు. వేసవిలో విడుదలైతే ఊరికి పోయి, శిరీష కోసం తాటిముంజలు పట్టుకొని మళ్ళీ వచ్చేవాడు. దొంగతనానికి కాదు, ముంజలివ్వడానికే.

జైలు మనుషుల్లో ఒక పట్టింపు ఉంది. మన ఇళ్ళల్లో ఎవరు బయలుదేరినా "పోయొస్త" అంటారు. వట్టి "పోత" అంటే పెద్దవాళ్ళు నోరు మూస్తారు. జైలునుంచి విడుదలైనవాడు మాత్రం "పోయొస్త" అనకూడదు. వెనక్కి తిరిగి చూడకూడదు. మాట మాట్లాడకుండా గేటు దాటి నేరుగా సందు మలుపుదాకా నడిచిపోవాలి. ఒకసారి సారయ్య నా చేతి అన్నం తిని, అలవాటు కొద్దీ "పోయొస్తనమ్మా," అనేశాడు. మా ఆయన వీపు మీద ఒక్కటి వేశాడు.

"మల్ల వచ్చుడేందిరా! పో. సప్పుడు చేయకుంట పో."

"అన్నం పెట్టిన తల్లికి చెప్పకుంట ఎట్ల పోవాలె సారూ," అని నవ్వుకుంటూ వెళ్ళాడు. నెల తిరక్కుండానే మళ్ళీ ఖైదీగా వచ్చాడు. శిరీష సంబరపడి గేటుదాకా ఉరికింది.

నాలుగేళ్ళ కింద ఖైదీలందరినీ బస్సుల్లో ఎక్కించి వేరే వేరే జైళ్ళకు పంపి, గోడలు కూలగొట్టారు. ఆ రోజు నేను రోడ్డు పక్కన నిలబడి చూశాను. ఇప్పుడక్కడ అంతస్తు మీద అంతస్తు దవాఖాన లేస్తోంది. మంచిదే. కానీ పొద్దున లేచి అటు చూస్తే, నా చిన్నతనపు కాపురం ఎక్కడ ఉండేదో చూపించడానికి ఒక్క రాయి కూడా లేదు.

"అమ్మా, జంపఖానా తీయవా? పొద్దు పోతాంది," అంది శిరీష లేచి మంచం కింది ట్రంకు పెట్టె గుంజుతూ.

"ఆగు. నేను తీస్త," అన్నాను.

నా గొంతు నాకే వింతగా వినబడింది. శిరీష చెయ్యి వెనక్కి తీసుకొని నా మొహం చూసింది.

"ఏమాయె?"

"ఏం కాలే. కలరా ఉండలున్నయి, చేతులకైతయి."

ఇన్ని వారాలుగా ఈ కథ చెబుతూ మీ దగ్గర కూడా ఒకటి దాచాను. ఆ జంపఖానా మడతలో ఒక కాగితం ఉంది. చార్జిషీటు నకలు ఇంటికొచ్చిన రోజు, శిరీష కుట్టిన బట్టలివ్వడానికి వెళ్ళినప్పుడు, అందులోనుంచి నేనే ఒక్క కాగితం తీసేసి అక్కడ పెట్టాను. పద్మలత దగ్గర ఇంకో నకలుంది గనక ఆమె చేతులు పట్టుకొని బతిమాలాను, నా బిడ్డకు చెప్పొద్దని. ఆ కాగితం శిరీష చదివితే ఇక నాతో ఉండదని నాకు భయం. డెబ్బై మూడేళ్ళ వయసులో నాకు మిగిలింది ఆమె ఒక్కతే.

ట్రంకు తెరిచి, వీపు ఆమెకు అడ్డం పెట్టి, కాగితం లాగి బైబిల్లో దోపాను. జంపఖానా నేల మీద పరిచాను.

ఎర్ర చారలు, నీలి చారలు. మా ఆయన ఉద్యోగం దిగే ముందు తన చేత్తో నేసిన ఆఖరిది. వెడల్పు ఆరు జానలు. "మనిషన్నంక నిద్రల ఇటు తిరగాలె, అటు తిరగాలె. ఖైదీకైనా అంత జాగ ఉండాలె," అని ఆయన ఎప్పుడూ ఆ కొలత తగ్గించలేదు. ఇప్పుడు ఆ జైల్లో ఆరు జానల జంపఖానా పరిస్తే రెండో మనిషి పడక కూడా ఆక్రమించినట్టే. అందుకే దాన్ని నిలువునా రెండుగా కోయాలి.

శిరీష కత్తెర పట్టుకొని నా వైపు చూసింది.

"నువ్వు కోస్తవా, నేను కొయ్యాల్నా?"

"నువ్వే కొయ్యి. నా చెయ్యి వణుకుతది. నీలి చార నడుమనుంచి పో. కోసినకాడ పేక జారుతది, జల్ది పట్టీ ఏసి కుట్టాలె."

కత్తెర కరకరమంటూ నడిచింది. కోసిన అంచున తెగిన దారాలు వెంటనే ఊడి రాసాగాయి. మొదటి సగానికి శిరీష మిషన్ మీద పట్టీ వేసి కుట్టింది. రెండో సగాన్ని నేను ఒళ్ళో పెట్టుకొని, దారాలు జారకుండా అంచు వేళ్ళతో నొక్కి పట్టుకొని కూర్చున్నాను.

అప్పుడే గుమ్మంలో నీడ పడింది. మొగిలమ్మ. చేతిలో పసుపు రంగు గుడ్డమూట. మార్కెట్లో కూరగాయలమ్మి అటునుంచి అటే వచ్చినట్టుంది, చీర కుచ్చెళ్ళకు కొత్తిమీర ఆకులు అంటుకొని ఉన్నాయి. ఎనిమిది నెలలుగా ఆమె మా గుమ్మం తొక్కలేదు. అంతకుముందు రోజుకు రెండుసార్లు వచ్చేది.

"పెద్దమ్మా," అంది నాతో. శిరీష వైపు చూడలేదు.

మిషన్ ఆగింది.

"ఏం కావాలె?" అంది శిరీష.

"రేపు పోతాన్నవంట గదా అక్కా. రెండు జతల బట్టలు, సబ్బులు. మావోనికి జర అందియ్యరాదు? నేను రెండుసార్లు పోయిన. లైనేమో రోడ్డు దాక. అన్ని జిల్లాల ఆడోళ్ళు అక్కడనే ఉన్నరు. నా నంబరు రాకముందే టైం అయిపాయె. ఫోన్ల బుక్ చేసుకోవాలె అంటాన్రు, నాకు చేసిచ్చేటోడే లోపలుండె."

"నేను తీసుకపోను."

"అక్కా..."

"అక్క గిక్క అనకు. నీ కొడుకు నోరు ఇప్పకపోతే నా కొడుకు అక్కడెందుకుంటడు? ఐదుగురి పేర్లు పోలీసోళ్ళకు ఎట్ల తెలిసినయి? ఇండ్లు ఎట్ల తెలిసినయి? నీ కొడుకు వల్లనే గదా నూట ఇరవై మందిల నా కొడుకు పక్క తిరుగనీకి జాగ లేకుంటున్నది!"

"మావోడు ఎవ్వని పేరు చెప్పలే."

"ఇగ చెప్పు, ఫోన్లు గుంజుకోలే అని కూడ చెప్పు!"

"గుంజుకున్నడు," అంది మొగిలమ్మ. మూట నేల మీద పెట్టి, తాను గుమ్మంలోనే కూలబడింది. "గుంజుకోలే అని నేనెన్నడన్న అన్ననా? తప్పు చేసిండు. ఆడు ఉండని. రెండేండ్లంటె రెండేండ్లు, మూడేండ్లంటె మూడేండ్లు. దినాలు లెక్కవెట్టుకుంట ఉంట. మూడు ఫోన్లకు పానం పోయెదాక ఉండుమంటె ఎట్ల లెక్కవెట్టుకోవాలె నేను? పేర్లు మాత్రం చెప్పలే అక్కా. నేనొక్కన్నే అన్నడంట. నాకు ఒట్టేసి చెప్పిండు. నల్లా కాడ నువ్వు నా బిందె ఎత్తేసిననాడు కూడ ఇదే చెప్పిన. నువ్వు ఇనలే. వాడకట్టు వాడకట్టంత ముఠాగాని తల్లి అంటాన్రు. బేరానికి వచ్చినోళ్ళు నా మొకం చూసి పక్క గంపకు పోతాన్రు. అయినా నేను పడ్డ. ఒక్క మూట తీసుకపో. నీ కాళ్ళు మొక్కుత."

"లే. ఇంటికి పో," అంది శిరీష. మళ్ళీ మిషన్ చక్రం మీద చెయ్యి వేసింది.

నా ఒళ్ళో జంపఖానా ముక్క అంచున ఒక దారం జారింది. దాన్ని చూస్తూ కూర్చున్నాను. ఇంకొకటి జారింది. నేను వేళ్ళు వదిలేశానని అప్పుడు తెలిసింది.

"శిరీషా, మిషన్ ఆపు," అన్నాను.

లేచి బైబిల్ తీశాను. కాగితం ఆమె చేతికిచ్చాను. జంపఖానా ముక్క మళ్ళీ ఒళ్ళోకి తీసుకొని కూర్చున్నాను.

"ఏందిది?"

"చదువు. బయటికి చదువు. మొగిలమ్మకు కూడ ఇనవడాలె."

శిరీష చదవడం మొదలుపెట్టింది. మొదటి రెండు ముక్కలు గట్టిగానే చదివింది.

"సాక్షి నంబరు నాలుగు. పేరు కృపమ్మ, భర్త కీర్తిశేషులు ఆనందరావు, వయస్సు డెబ్బై రెండు సంవత్సరములు..."

అక్కడ ఆగి నా వైపు చూసింది.

"చదువు బిడ్డా."

"...తన ఇంటి గోడకు గల ఫోటోను సాక్షి స్వయంగా తీసి ఇచ్చినది. అందులోని ఐదుగురి పేర్లు, తల్లుల పేర్లు, ఇండ్ల గుర్తులు ఎడమనుండి కుడికి వరుసగా చెప్పినది. ఐదుగురికీ ఒకే గుడ్డతో చొక్కాలు తానే కుట్టించినట్లు, ఒకరు లేనిదే మరొకరు అన్నం తినరని తెలిపినది."

మొగిలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మిగతాది నేనే చెప్పాను. ఎనిమిది నెలలుగా మనసులో ఎన్నిసార్లు చెప్పుకున్నానో, బయటికి వచ్చేసరికి అన్నీ ముక్కలు ముక్కలుగా వచ్చాయి.

ఆగస్టులో ఆ రోజు వాన. శిరీష బట్టలివ్వడానికి హసన్‌పర్తి వెళ్ళింది. అభిషేక్ నాకు మందులు తేవడానికి పోయాడు. ఒక ఎస్సై వచ్చాడు. ఖాకీ బట్టలు చూసి భయపడడం నాకు తెలియదు. ముప్పై ఏళ్ళు వాటి నడుమనే కాపురం చేశాను. వార్డర్ల భార్యలు నాకు వదినలు, జైలరు గారి తల్లికి నేను తలనొప్పికి అమృతాంజనం రాసినదాన్ని. తడిసి వచ్చాడని తువ్వాలిచ్చాను. చాయ పెట్టాను. "ఏం లేదమ్మా, ఊకెనే, మీ మనవని దోస్తులు మంచోళ్ళేనా?" అని అడిగాడు. మంచోళ్ళేనని చూపించడానికి గోడ మీది ఫోటో నేనే తీశాను.

అది అంతకుముందటి క్రిస్మస్ ఫోటో. కేరల్స్ పాడడానికి ఇంటింటికీ తిరిగే పిల్లలందరూ ఒకే రంగు తొడుక్కోవాలని మా చర్చి వాళ్ళకు ముచ్చట. అందుకని చౌరస్తాలో ఒక తాను గుడ్డ కొన్నాను. ముదురు ఎరుపు మీద తెల్ల గీతలు. అభిషేక్‌కూ వాడితో పాడే ముగ్గురికీ శిరీష చొక్కాలు కుట్టింది. మహిపాల్ పాడేవాడు కాదు, చర్చికి రాడు. మా గుమ్మానికి నక్షత్రం కట్టడానికి నిచ్చెన పట్టుకొని వచ్చాడు. లోపల కొలతలు తీసుకుంటుంటే గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. నా మనసు ఊరుకోలేదు. "నువ్వు కూడ రారా, బట్ట మిగిలింది," అన్నాను. సిగ్గుపడుతూ వచ్చి చేతులు చాచి నిలబడ్డాడు. వాడి జీవితంలో కొలతలు ఇచ్చి కుట్టించుకున్న మొదటి చొక్కా అదేనట.

ఆ ఫోటోకు ఎస్సై తన సెల్‌తో ఇంకో ఫోటో తీసుకున్నాడు. నేను వేలుపెట్టి ఒక్కొక్కరినీ చూపించాను. "చాయ బాగుందమ్మా," అని వెళ్ళిపోయాడు. మూడు రోజులకు ఐదుగురినీ పట్టుకెళ్ళారు.

"నేను బడికి పోలే," అన్నాను శిరీషతో. "నూలుకు చుట్టిన పేపర్లు చూసి అక్షరాలు నేర్చుకున్న. చార్జిషీటు వచ్చిననాడు ఆ సదువుతోనే ఒక్కొక్క ముక్క కూడబలుక్కొని చదివిన. నా మాటనే బిడ్డా. నేను ముచ్చటకు అన్న మాటనే."

శిరీష కాగితాన్ని మళ్ళీ మొదటినుంచి చదువుకుంది, ఈసారి లోపల. తరువాత మడత పెట్టింది. అది ఉన్న మడతల మీదనే, చాలా జాగ్రత్తగా.

"ఎనిమిది నెలలు," అంది.

"భయమైంది."

"నల్లా కాడ నేను మొగిలమ్మ బిందె ఎత్తేసిననాడు నువ్వు కిటికీల ఉన్నవ్. ఉన్నవా, లేవా?"

"ఉన్న."

"చర్చిల అందరి ముందట మహిపాలే మా పిల్లగాన్ని ముంచిండని నేను ఏడిస్తే, నువ్వు పక్కన కూసోని నా ఈపు నిమిరినవ్."

"నిమిరిన."

ఆమె కళ్ళల్లో నీళ్ళు లేవు. ఉంటే బాగుండేది. తిడితే ఇంకా బాగుండేది.

"ఫోటో ఇచ్చినందుకు నేనేమనను," అంది. "నువ్వు గట్లాంటిదానివే. యముడొచ్చినా కుర్చేసి చాయ పోస్తవ్. గని, ఇంకొకతి కొడుకు మీద నింద పోతాంటే నువ్వు సూసుకుంట కూసున్నవ్ చూడు..."

వంగి నా ఒళ్ళోనుంచి జంపఖానా రెండో సగం తీసుకుంది. జారిన దారాలు కత్తిరించింది. మిషన్ కింద పెట్టి పట్టీ వేసి కుట్టడం మొదలుపెట్టింది. మొగిలమ్మా నేనూ ఆ చప్పుడు వింటూ కూర్చున్నాం. గోడ అవతల మగ్గాలు ఆడుతున్న రోజుల్లో, ఇట్లాంటి చప్పుడుకే శిరీష నా ఒళ్ళో నిద్రపోయేది.

కుట్టడం అయ్యాక దారం పంటితో తెంపి, ఆ సగాన్ని మొగిలమ్మ చేతిలో పెట్టింది.

"ఇది మీవోనికి. ఒగని పేరు మీద ఇంకొకరు ఇస్తే తీసుకోరు. నువ్వు కూడ రా. పొద్దుగాల ఆరింటికి తయారుండు. ఫోన్ల బుక్ చేసుడు, ఫారం నింపుడు నేను చేస్త. పద్మలతమ్మకు చెప్పి పర్మిషన్ కాగితం కూడ అడుగుదాం."

"అక్కా..." అని మొగిలమ్మ ఏడుస్తూనే నవ్వింది. "ఆరింటికేంది, నాలుగింటికే ఉంట." వెళ్ళబోతూ నా దగ్గర ఆగింది. నా భుజం మీద చెయ్యి వేసింది, తీసేసింది. నన్ను క్షమించిందో లేదో నాకు ఈనాటికీ తెలియదు.

ఆ రాత్రి శిరీష నాకు అన్నం పెట్టింది. మందుబిళ్ళ ఇచ్చింది. నీళ్ళ గ్లాసు మంచం పక్కన పెట్టింది. రోజూ చేసే పనుల్లో ఒక్కటి కూడా తప్పలేదు. మాట మాత్రం లేదు.

పొద్దున నేను ఆమెకంటే ముందే లేచాను. సంచి మళ్ళీ సర్దాను. బనియన్లు, పైజామా, రెండు సబ్బులు, జంపఖానా సగం. ఆధార్ కార్డు జిరాక్సు ఉందా అని అడిగాను, తల ఊపింది. నీళ్ళ సీసా ఉందా అని అడిగాను, దానికీ తల ఊపింది. రేపు మట్టల ఆదివారం, చర్చికి ఎన్నింటికి పోదాం అని అడిగాను. ఆ ప్రశ్నకు తల ఊపలేదు. వంగి చెప్పులు తొడుక్కుంది.

మొగిలమ్మ సందు మొదట్లో ఎదురుచూస్తోంది. శిరీష సంచి భుజానికి తగిలించుకొని గడప దిగింది. నేను తలుపు పట్టుకొని నిలబడ్డాను. ఆమె తిరిగి "పోయొస్తనమ్మా," అంటుందని చూశాను. పుట్టి బుద్ధెరిగిననాటినుంచీ, చౌరస్తాకు దారపు ఉండ కోసం పోయినా ఆ మాట అనకుండా ఆమె ఇల్లు కదలలేదు.

అనలేదు. వెనక్కి కూడా చూడలేదు. మాట మాట్లాడకుండా సందు మలుపుదాకా నేరుగా నడిచిపోయింది. అట్లా నడవడం ఆమెకు ఎవరు నేర్పారో నాకు తెలుసు. చిన్నప్పుడు నా పక్కనే నిలబడి, సారయ్యలాంటివాళ్ళు ఎందరు అట్లా వెళ్ళిపోతుంటే చూసిందో!

కోపమే కదా, సాయంత్రానికి దిగుతుందిలే అనుకున్నాను. పప్పు నానబెట్టాను. మధ్యాహ్నం వండాను. చల్లారితే మళ్ళీ వేడి చేశాను. పొద్దు గూకే వేళకు మొగిలమ్మ ఒక్కతే వచ్చింది. చేతిలో నా సంచి, ఖాళీగా, నాలుగు మడతలు పెట్టి ఉంది.

"జంపఖానా తీసుకున్నరు పెద్దమ్మా. మావోని ముక్క కూడ. పద్మలతమ్మ ఎవరికో ఫోన్ చేసింది, పొయినయి లోపలికి. మావోణ్ణి చూసిన," అంది గబగబా. "అభిషేక్ మంచిగనే ఉన్నడంట."

"శిరీష ఏది?"

మొగిలమ్మ సంచి నా చేతిలో పెట్టింది.

"రైలు టైంకు నన్ను స్టేషన్ల కూసోవెట్టింది. టికెట్ కూడ నాకొక్కదానికే తీసింది. నువ్వు నడువు, నాకు పనున్నది అన్నది. ఏం పని అంటే చెప్పలే."

నేను లోపలికి వచ్చి కుట్టుమిషన్ సొరుగు తెరిచాను. ఎందుకు తెరిచానో తెలియదు. దారపు ఉండలున్నాయి, గుండీల డబ్బా ఉంది. కొలతల టేపు లేదు. కత్తెర లేదు.

జైలుకు పోయేవాళ్ళు కత్తెర తీసుకుపోరు. ఇంకెక్కడో ఉండి, కుట్టుకొని బతకాలనుకున్నవాళ్ళు తీసుకుపోతారు.

నా కూతురు శిరీష తిరిగి రాలేదు. ఆమె ఈ గడప దిగింది 2025 ఏప్రిల్ పన్నెండు, మట్టల ఆదివారానికి ముందురోజు, పొద్దున ఆరు దాటి పది నిమిషాలకు.